మూడు రోజులు ఆగిపోయిన అట్ట

అట్ట సోమవారం సాయంత్రం వచ్చింది. పక్కింటి కుజె వాళ్ళ కోడలు గుమ్మంలోంచి తొంగిచూసి, "పేట అట్టండీ" అని ఇస్త్రీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. పిల్లలు పరీక్షలకు పట్టుకెళ్ళే అట్టలాంటిదే అది. పైన ఒక క్లిప్పు, క్లిప్పు కింద పేట సంఘం వాళ్ళ కాగితాలు, అన్నిటికన్నా అడుగున ఇంటిపేర్ల పట్టీ. చదివినవాళ్ళు తమ పేరు పక్కన చిన్న ఎర్ర ముద్ర వేసి, అట్ట చేతికొచ్చిన తారీఖు రాసి, పక్కింటికి అందించాలి. కామెజాకా ఏటవాలు వీధిలో మొత్తం పద్నాలుగు ఇళ్ళు. అట్ట ఏ ఇంట్లోనూ రాత్రి నిద్ర చెయ్యకూడదు. ఇది ఎక్కడా రాసి లేదు గానీ, అందరికీ తెలుసు.

సుగినో మసాయో ఈ లాండ్రీ కొట్టుకి కోడలిగా వచ్చి నలభై ఏళ్ళయింది. ఈ నలభై ఏళ్ళలో అట్ట ఆమె దగ్గర ఒక్క రాత్రి కూడా లేదు. వానపడుతున్నా సరే, చొక్కాల ప్లాస్టిక్ కవరు ఒకటి దానికి తొడిగి, పక్కనే ఉన్న మూలకొట్టుకి పరిగెత్తి ఒదగిరి ఫుమి చేతిలో పెట్టి వచ్చేది. ఫుమి ఆమె కన్నా ఆరేళ్ళు పెద్దది. సెంబె అనే బియ్యప్పిండి బిళ్ళలు కాల్చి అమ్ముతుంది. నిప్పుల మీద నుంచి అప్పుడే తీసి సోయా పూసిన బిళ్ళ ఒకటి మసాయో చేతిలో పెట్టేది. ఆ బిళ్ళ అయ్యేలోపు ఇద్దరూ కలిసి పేటలో వాళ్ళందరినీ ఉతికి ఆరేసేవారు.

ఈసారి అట్ట మీది పైకాగితం చదువుతూ మసాయో చేతిలోని ఇస్త్రీ పెట్టెను కదపడం మరిచిపోయింది. ఎవరిదో తెల్లచొక్కా కాలరు నుంచి కమురు వాసన వచ్చాక గానీ ఈ లోకంలోకి రాలేదు.

కాగితంలో సంగతి ఇది. వీధి మూలనున్న పాత కట్టడాన్ని దాని యజమాని ఒక కంపెనీకి అమ్మేస్తున్నాడు. అక్కడ ఆరంతస్తులకే అనుమతి ఉంది. కంపెనీ పది కడతానంటోంది. అందుకు ప్రతిగా మూల కోసి రోడ్డుకి వదిలేస్తానంటోంది. మూల పోతే చిన్న బస్సు తిరగడానికి చోటు వస్తుంది. వసంతం నుంచి కామెజాకా పైదాకా బస్సు నడుస్తుంది. ఆ కట్టడంలో కాపురమున్న ఎవరికైనా అభ్యంతరముంటే ఇరవయ్యో తారీఖు గురువారం సాయంత్రం ఐదులోపు వార్డు ఆఫీసులో రాసివ్వాలి. ఒక్క కాగితం వచ్చినా బహిరంగ విచారణ జరగాలి, దానికి తక్కువలో తక్కువ ఏడాది పడుతుంది. ఏ కాగితమూ రాకపోతే అందరూ ఒప్పుకున్నట్టే.

ఆ పాత కట్టడం కింది అంతస్తులోనే ఫుమి కొట్టు. కొట్టు వెనక గదిలో కాపురం, ఆ కట్టడంలో మిగిలిన కాపురం అదొక్కటే. నలభై రెండేళ్ళుగా అద్దెకుంటోంది. యజమాని యొకొహామాలో ఉంటాడు. అమ్మకం గురించి ఫుమికి ఒక్క ముక్క చెప్పి ఉండడు, అసలే మాట్లాడితే నోట్లో ముత్యాలు రాలిపోతాయన్నట్టుండే రకం. అద్దెకున్నవాళ్ళకి వార్డు నుంచి విడిగా ఉత్తరం రాదు. వాళ్ళకి తెలియాలంటే ఈ అట్టే తెలియజెప్పాలి. అట్ట మసాయో ఇంటి నుంచి వెళ్ళాల్సింది ఫుమి దగ్గరికే.

మసాయో వెనకగదిలోకి చూసింది. ఆమె భర్త తత్సువో గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. సోమ, బుధ, శుక్రవారాలు అతనికి డయాలసిస్. ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో బస్సు నడిపిన మనిషి, ఇప్పుడు బస్సు లేక ఏటవాలు మీద చతికిలపడుతున్నాడు. ఆసుపత్రి వాళ్ళ బండి గానీ, టాక్సీ గానీ ఆ మూల దగ్గర తిరగలేవు, కిందే దింపేసి పోతాయి. నాలుగు గంటలు సూదులు పొడిపించుకుని వచ్చినవాడు అక్కడి నుంచి నడిచి ఎక్కాలి. సాకె మద్యం దుకాణం మెట్టు మీద ఒకసారి, కరెంటు స్తంభం దగ్గర ఒకసారి, కుజె వాళ్ళ ప్రహరీ పట్టుకుని ఒకసారి ఆగుతాడు. పోయిన నెల మూడో చోటికి చేరకుండానే మోకాళ్ళ మీద పడ్డాడు. చూసినవాళ్ళు లేపబోతే నవ్వుతూ లేచి, ఇంటికొచ్చాక ఏడ్చాడు.

"వసంతం నుంచి" అని మసాయో పైకే అనుకుంది. అట్టని తీసి, ఎవరూ పట్టుకెళ్ళని పాత కోట్లు వేలాడదీసిన చోట, ఒక బూడిదరంగు కోటు లోపల పెట్టింది. రేపు పొద్దున్న ఇస్తానులే అనుకుంది. ఆ మాట అబద్ధమని అనుకుంటుండగానే ఆమెకు తెలుసు.

మంగళవారమంతా ఆమెకు కాలు నిలవలేదు. మడతపెట్టిన దుప్పటినే మళ్ళీ మడతపెట్టింది. గుమ్మంలో గంట మోగితే చాలు, చూపు ఆ బూడిదరంగు కోటు మీదికి పోయేది. రోజుకి నాలుగుసార్లు ఏదో వంకన మూలకొట్టు ముందు నుంచి వెళ్ళే మనిషి, ఆ రోజు ముల్లంగి దుంప కోసం పై వీధి చుట్టూ తిరిగి వెళ్ళింది. ఆ చుట్టులో తెలిసింది ఆమెకి, తన కాళ్ళు కూడా మునుపటిలా లేవని.

వీధి కూడా స్థిమితంగా లేదు. బస్సు వస్తుందట, పదంతస్తులు లేస్తాయట అన్న పుకారుకే ఆరునెలలుగా గోడల మీద కాగితాల యుద్ధం నడుస్తోంది, ఏ కట్టడం పోతుందో మాత్రం ఎవరికీ తెలియదు. పై వరస ఇళ్ళవాళ్ళు పసుపు కాగితాల మీద 'మాకూ బస్సు కావాలి' అంటారు. కింది వరసవాళ్ళు ఎర్ర కాగితాల మీద 'పదంతస్తుల నీడ మాకొద్దు' అంటారు. మసాయో అద్దానికి రెండూ అంటించి ఉన్నాయి. రెండు వైపులవాళ్ళూ బట్టలు ఇస్తారు మరి, ఎవరిని కాదంటుంది? ఎండకి వెలిసిపోతే రెండింటినీ ఒకేసారి మారుస్తుంది. వ్యాపారమంటే అంత సులువు కాదు.

బుధవారం మధ్యాహ్నం పేట సంఘం పెద్ద ఇసోబె వచ్చాడు. చెయ్యడానికి పని లేని పెద్దమనిషికి సంఘం దొరికితే ఎలా ఉంటుందో ఇసోబె అలా ఉంటాడు. మెడలో ఎప్పుడూ పేట పేరున్న తువ్వాలు.

"మసాయో గారూ, అట్ట ఎంతవరకు వచ్చిందంటారు?"

"వస్తోందండీ... పోతోందండీ."

"వస్తోందా, పోతోందా?"

"దాటుతోందండీ. మీ కోటు శనివారానికి అవుతుంది."

"కోటు నేను ఇవ్వలేదే!"

"ఇస్తే శనివారానికి అవుతుందని చెబుతున్నాను."

ఇసోబె తల గోక్కున్నాడు. బూడిదరంగు కోటు అతని భుజానికి జానెడు దూరంలో వేలాడుతోంది. "ఏదేమైనా రేపు ఐదింటితో తలనొప్పి వదులుతుంది. ఎవరూ రాసివ్వకపోతే వసంతానికి బస్సు. మీ ఆయనకి పండగే" అని వెళ్ళిపోయాడు. మసాయో ఆ బూడిదరంగు కోటుని ఇంకో రెండు కోట్ల వెనక్కి జరిపింది. అబద్ధం ఆడినందుకు కాదు, అంత తేలిగ్గా ఆడగలిగినందుకు భయమేసింది.

ఆ రెండు రోజుల్లో ఫుమి ఒక్కసారి కూడా లాండ్రీలోకి రాలేదు. బుధవారం సాయంత్రం మాత్రం ఆమె చిన్న వ్యాను మూల తిరిగి వచ్చి ఆగింది. పొద్దునా మధ్యాహ్నం సెంబె పెట్టెలు స్టేషను అంగళ్ళకి వేసొచ్చే బొమ్మంత బండి అది. ఆ మూల దగ్గర అవలీలగా తిరిగేది ఆ బండి ఒక్కటే. ఫుమి దిగి, లాండ్రీ వైపు చూసింది. మసాయో తెర వెనక్కి తప్పుకుంది. ఎదురుగా వచ్చి 'అట్ట ఏదీ' అని అడిగితే మసాయో అక్కడికక్కడే ఇచ్చేసేది. ఫుమి అడగలేదు. షట్టరు దించుకుంది.

గురువారం నాలుగుంపావుకి తత్సువోకి చలేసింది. మసాయో ఇస్త్రీలో మునిగి ఉంది. లేచి తనే ఏదో ఒక కోటు కప్పుకుందామని వేలాడే వాటిలో చెయ్యి పెట్టాడు. చేతికి అట్ట తగిలింది. బల్ల దగ్గరికి తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, నిలబడే మొత్తం చదివాడు. పేర్ల పట్టీ చూశాడు. కుజె పక్కన ఎర్ర ముద్ర, పదిహేడు. సుగినో పక్కన ఖాళీ.

"ఏమిటిది?"

మసాయో ఇస్త్రీ పెట్టెని బల్ల మీద నిలబెట్టింది.

"నిన్నే. పదిహేడున వచ్చిన అట్ట కోటులో ఎందుకుంది?"

"మీరు ఆ రోజు పడిపోయారు" అంది మసాయో. "నేను చూడలేదనుకున్నారు. పైనుంచి చూస్తూనే ఉన్నాను. పరిగెత్తుకొస్తే మీకు సిగ్గుగా ఉంటుందని రాలేదు. గుమ్మంలోనే నిలబడి చూశాను. ఇంకో ఏడాది అలా చూడలేను."

తత్సువో కుర్చీలో కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకోలేదు.

"ముప్పై ఏళ్ళు నడిపాను. వానొచ్చినా, ఆలస్యమైనా, స్టాపులో మనిషి నిలబడి ఉంటే చూసీ చూడనట్టు పోలేదు. ఒక్కసారి కూడా. తిట్లు తిన్నాను, జీతంలో కోత పడింది, అయినా ఆపాను." అట్టని ఆమె వైపు తోశాడు. "ఆవిడ స్టాపులో నిలబడి ఉంది. నువ్వు ఆపకుండా పోతున్నావు. అదీ నన్ను ఎక్కించుకుని. నా పేరు మీద ఈ పని చెయ్యకు."

"బస్సు రాదు."

"రాకపోతే రాదు. నాలుగో చోట కూడా ఆగుతాను."

మసాయో అట్ట పట్టుకుని బయటికి వచ్చేసరికి నాలుగున్నర. వీధి మైకుల్లో పిల్లల్ని ఇళ్ళకి పొమ్మనే సాయంత్రపు పాట మొదలైంది. మూలకొట్టు పది అడుగులు. ఆ పది అడుగులూ ఆమెకి ఏటవాలు మొత్తం ఎక్కినట్టుంది.

ఫుమి నిప్పుల ముందు కూర్చుని బిళ్ళలు తిప్పుతోంది. తల ఎత్తలేదు.

"అట్ట... ఆలస్యమైంది, ఫుమి గారూ."

"కనబడుతూనే ఉంది. అక్కడ పెట్టు."

"మీరు పైకాగితం చదవాలి. ఐదింటిలోపు..."

"మంగళవారమే చదివాను. కింద సంఘం బోర్డుకి కూడా అంటించాడుగా ఇసోబె. చేపలు కొనడానికి వెళ్ళి చూశాను." బిళ్ళ ఒకటి మాడింది. ఫుమి దాన్ని పక్కకి పడేసింది. "నలభై ఏళ్ళుగా సోమవారం అట్ట నీ ఇంటికొస్తే, సోమవారమే నా ఇంటికొచ్చింది. ఈ సోమవారం రాలేదు. నీకు జ్వరమేమో అనుకున్నాను. మంగళవారం బోర్డు చదివాక తెలిసింది ఏ జ్వరమో."

"మరి నన్ను అడగొచ్చుగా!"

"నేనెందుకు అడగాలి? తేవాల్సింది నువ్వు." ఫుమి లేచి, సొరుగులోంచి అతికించిన కవరు తీసింది. "మంగళవారం రాత్రి రాశాను, అభ్యంతరం. బుధవారం పొద్దున్నే ఇచ్చేయాల్సింది. ఇవ్వలేదు. నువ్వొస్తావని కూర్చున్నాను. నువ్వొచ్చి, ఫుమి గారూ మా ఆయన గురించి కాస్త ఆలోచించండి అని ఒక్క మాట అంటే, ఏమో, నీ ఎదుటే చింపేసేదాన్నేమో. నిన్న పొద్దున్న అలాగే ఉంది నాకు. నిన్న సాయంత్రం నువ్వు తెర వెనక దాక్కోవడం చూశాక అలా లేదు."

మసాయోకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇంద." ఫుమి కవరు ఆమె చేతిలో పెట్టింది. "నేను వెళ్ళను. నీకు సైకిలుంది, అరగంట ఉంది. మూడు రోజులు నా కాగితం పట్టుకున్నావుగా, ఇంకో అరగంట పట్టుకో. ఇచ్చేస్తావో, కాలవలో పారేస్తావో నీ ఇష్టం. ఏం చేస్తావో నాకు తెలియాలి."

"నా చేత్తోనా?"

"నీ చేత్తోనే. అట్టలో నీ ముద్ర లేదు, తారీఖు లేదు. వచ్చాక వేద్దువుగాని. పో."

సైకిలు దిగువకి జారుతుంటే చలిగాలికి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. గాలికే వచ్చాయని సరిపెట్టుకుంది. కవరు బుట్టలో ఎగిరెగిరి పడుతోంది. ఇది ఇస్తే బస్సు ఏడాది వెనక్కి. డయాలసిస్ వాళ్ళకి ఏడాదంటే మాటలు కాదు. తనే తన మొగుణ్ణి ఏటవాలు మీద తోస్తున్నట్టుంది. పారెయ్యనక్కరలేదు కూడా, కాలవ వంతెన మీద పది నిమిషాలు ఊరికే నిలబడితే చాలు. వంతెన మీద నిజంగానే ఆగింది. ఒక కాలు కింద పెట్టి, గడ్డకట్టే ఆ నీళ్ళలో బాతుల్ని చూసింది. బాతులకి ఏ తొందరా లేదు. చూసి చూసి, ఛీ అని తనని తానే తిట్టుకుని పెడలు తొక్కింది.

వార్డు ఆఫీసులో నాలుగూ నలభై తొమ్మిది. మీట నొక్కితే వరస చీటీ వచ్చింది. ముందు ముగ్గురున్నారు. కౌంటరులో ఒక ముసలాయన చెత్త ఏ రోజు ఏ సంచిలో వెయ్యాలో తేల్చుకునేదాకా కదిలేలా లేడు. మసాయో బెంచీ మీద కూర్చుంది. నాలుగూ యాభై రెండు. ముసలాయన సీసా మూతల దగ్గరికి వచ్చాడు. నాలుగూ యాభై నాలుగు. చీటీ ప్రకారం కూర్చుంటే ఎవరూ తప్పు పట్టరు. ఆలస్యమైందండీ, వరస రాలేదు అంటే ఫుమికి కూడా ఏమీ అనడానికి ఉండదు. మర్యాదగా, నోరు మూసుకుని కూర్చుంటే చాలు, బస్సు వచ్చేస్తుంది. జన్మంతా మసాయో చేసింది అదే, మర్యాదగా నోరు మూసుకుని కూర్చోవడం.

ఆమె లేచింది. వరస దాటి, ముసలాయన పక్కగా దూరి, కవరు కౌంటరు మీద పెట్టింది.

"క్షమించండి! ఇది ఐదులోపు తీసుకోవాలి!"

గొంతు అంత పెద్దగా వస్తుందని ఆమెకే తెలియదు. హాలంతా తిరిగి చూసింది. ముసలాయన సీసా మూత సంగతి మరిచిపోయాడు. కౌంటరులో అమ్మాయి కవరు తెరిచి కాగితం చూసింది.

"కామెజాకా బస్సుకి అభ్యంతరమా అండీ? మీదేనా?"

"కాదు. పక్కింటావిడది."

"మీరు కూడా వ్యతిరేకమా?"

"లేదమ్మా. నాకు బస్సు కావాలి. మా ఆయనకి చాలా కావాలి."

ఆ అమ్మాయి ఆమెని ఎగాదిగా చూసింది. ఇంకేదో అడగబోయి మానేసి, అందినట్టు ముద్ర వేసి, టైము రాసి, నకలు చేతికిచ్చింది. నాలుగూ యాభై ఆరు.

వచ్చేటప్పుడు సైకిలు తోసుకుంటూ ఎక్కింది. సాకె దుకాణం మెట్టు దగ్గర ఆగింది. కరెంటు స్తంభం దగ్గర ఆగింది. కుజె వాళ్ళ ప్రహరీ మీద చెయ్యి వేస్తే, మనుషుల చేతులు పడీ పడీ అక్కడ గోడ నున్నగా అరిగి ఉంది. ఇన్నాళ్ళూ అది తన మొగుడి చెయ్యి ఒక్కటే అనుకుంది. ఈ వీధిలో ముసలివాళ్ళందరిదీనూ.

ఫుమి కొట్టు ముందు నిలబడి ఉంది, చంకలో అట్టతో. మసాయో నకలు ఇచ్చింది. ఫుమి వెలుతురు కింద పెట్టి టైము చదివింది. చాలాసేపు చదివింది, ఉన్నది ఒక్క వరసే అయినా.

"వంతెన మీద ఆగావా?"

"ఆగాను."

"ఆగుతావనుకున్నాను." అట్ట చాపింది. "నీ ముద్ర వెయ్యి."

మసాయో పేర్ల పట్టీ చూసింది. కుజె, పదిహేడు. సుగినో, ఖాళీ. ఒదగిరి పక్కన ఎర్ర ముద్ర, దాని పక్కన ఫుమి గుండ్రటి చేతిరాత: పదిహేడు.

ఆమెకి ఒక్క క్షణం పట్టింది. అట్ట సోమవారమే తనకి అందిందని ఫుమి రాసుకుంది. మధ్య గడిలో మసాయో కూడా పదిహేడు వేస్తే వరస కుదిరిపోతుంది. ఆగిపోయింది మసాయో దగ్గర కాదు, ఫుమి దగ్గరే అనుకుంటారు. పేటలో ఎవరికీ అసలు సంగతి తెలియదు. కాగితం ఇస్తుందో పారేస్తుందో తెలియకముందే ఫుమి ఇది రాసి పెట్టింది.

మసాయో జేబులోంచి ముద్ర తీసి వేసింది. పెన్ను తీసుకుని పక్కన రాసింది: పదిహేడున వచ్చింది, ఇరవైన ఇచ్చాను.

"ఓసి పిచ్చిమొహమా!" ఫుమి అట్ట లాక్కుంది. "ఇరవైన నువ్విచ్చింది నాకు పదిహేడున ఎలా అందుతుంది? ఇప్పుడు పేటంతా నన్ను అబద్ధాలకోరు అంటుంది!"

"మీరు దిద్దుకోండి."

"పెన్నుతో రాశాను, ఎలా దిద్దను?" అంటూనే నవ్వు ఆపుకోలేకపోయింది, వెంటనే మొహం గంటు పెట్టుకుంది. "నవ్వానని అనుకోకు. కోపం అలాగే ఉంది. కాగితం కూడా వెనక్కి తీసుకోను. విచారణలో కూర్చుంటాను, నా కొట్టు సంగతి మాట్లాడతాను."

"మాట్లాడండి. నేనూ వచ్చి బస్సు సంగతి మాట్లాడతాను." మసాయోకి తర్వాతి మాట కౌంటరు దగ్గర అరిచినదాని కన్నా కష్టంగా ఉంది. "ఫుమి గారూ. రేపు పొద్దున్న ఆరూ నలభైకి, మీ బండిలో, మా ఆయన్ని ఆసుపత్రికి దింపుతారా? మధ్యాహ్నం మళ్ళీ పైకి తెస్తారా?"

ఫుమి నకలుని మడిచి జేబులో పెట్టుకుంది.

"రెండేళ్ళు. వారానికి మూడుసార్లు నా బండి అతన్ని దాటుకుని పోయింది. అతను గోడ పట్టుకుని దణ్ణం పెట్టేవాడు, నేను అద్దంలోంచి దణ్ణం పెట్టేదాన్ని. ఎక్కమంటే చిన్నతనంగా ఉంటుందేమోనని నేను అడగలేదు. నీకేం రోగమొచ్చింది?"

"ఇబ్బంది పెట్టడమెందుకని."

"ఇబ్బందట, ఇబ్బంది." ఫుమి ముక్కు చీదింది. "ముందు సీటులో పెట్టెలుంటాయి. ఒళ్ళో పెట్టుకొమ్మను. ఒక్క బిళ్ళ విరిగినా ఊరుకోను. ఇక పో, ఆ అట్ట హమనాక వాళ్ళకిచ్చిరా. నాకు మోకాళ్ళు నొప్పి."

హమనాక ఇల్లు అవతలి గుమ్మం. తలుపు తీసిన పెద్దావిడ వీధిలో అందరికన్నా నిదానంగా, అందరికన్నా క్షుణ్ణంగా చదివే మనిషి. గుమ్మం దీపం కింద నిలబడే పట్టీ మీద వేలు పెట్టుకుంటూ వచ్చింది. పదిహేడు. ఇరవైన ఇచ్చాను. మళ్ళీ పదిహేడు. వేలు అక్కడ ఆగింది. తలెత్తి చూసింది.

మసాయో తల దించుకోలేదు.

"ఆలస్యం చేసింది నేనండీ" అంది. "ఒదగిరి గారు కాదు."